జారిన ఇనుప బంతి

అత్తయ్యా, పొయ్యి మీద కొబ్బరన్నం ఉంది, కునుకు తీసి లేవగానే తినండి. మూడింటికి విల్మర్ టాక్సీ తెస్తాడు. జిప్పు లేని గౌను వేసుకోండి, తుంటికి మళ్ళీ ఎక్స్‌రే తీస్తారు.

పొద్దున ఆసుపత్రి అమ్మాయి ఫోన్లో "పెద్దావిడ కదిలినట్టున్నారు" అంటే మీరు "ఈ ముసలి కాలికి బుద్ధి లేదమ్మా" అని నవ్వేశారు. నేను పక్కనే కాఫీ కలుపుతూ అంతా విన్నాను.

తప్పు నాది. మొన్న ఎక్స్‌రే గదిలో మీ తొడ పక్కన ఇనుప బంతి పెట్టి ఆ అమ్మాయి అద్దం వెనక్కి వెళ్ళగానే, మా పెళ్ళిలో విల్మర్ చర్చి ఫాదర్ గారి కాలు తొక్కిన సంగతి గుర్తుచేసి మిమ్మల్ని నవ్వించాను. బంతి బల్ల మీదికి జారింది. చూసి కూడా ఊరుకున్నాను. మామిడి ఐస్ కొట్టు మూసేస్తారని నా తొందర.

కంప్యూటర్ ఆ బంతితో పోల్చే మీ ఎముకను కొలుస్తుందట. అది జారి బల్లకి ఆనడంతో దాని నీడ చిన్నదిగా పడి, ఎముక ఉన్నదానికంటే పెద్దదిగా తేలింది. డాక్టరు తెర మీద ఎంచిన కృత్రిమ కీలూ పెద్దదే. గురువారం ఆపరేషన్‌లో దాన్నే పెట్టేస్తే?

ఆసుపత్రికి ఫోన్ చేసి నిజం చెప్పేశాను. విల్మర్‌కి మీరే చెప్పండి, నాకు ముఖం చెల్లడం లేదు.

జహైరా

ట్యూషన్ అవగానే అక్కడికే వస్తా. ఎక్స్‌రే గదిలోకి మాత్రం రాను. నన్ను చూస్తే మీకు నవ్వొస్తుంది.