హెల్మెట్‌లో ఓర్లా ఏమంది?

ఫిబ్రవరి 1, శనివారం

నా చిన్ననాటి స్పేస్‌షిప్ సీరియల్ ‘మెరిడియన్ ఫెర్రీ’ ఆరు సీజన్లూ దొరికాయి! మా బాతెల్ ఊరి లైబ్రరీలో, డీవీడీలుగా. వాటిని ఎవరూ ముట్టుకున్నట్టు లేదు. స్ట్రీమింగ్‌లో ఎక్కడా లేదు, ఎన్నేళ్ళుగా వెతుకుతున్నానో. ప్లేయర్ దేదీప్య గరాజ్‌లోంచి తెచ్చుకున్నాను. మా వెనక వీధిలోనే ఉంటుంది దేదీప్య, ఏ వస్తువూ పారేయదు. ఈరోజు దానికి వెయ్యి దండాలు.

అనికని కూడా కూర్చోబెట్టాను. నా కూతురికి పద్నాలుగేళ్ళు. తను పుట్టకముందు వచ్చిన వస్తువేదైనా దాని దృష్టిలో మ్యూజియం సరుకే. ఒక షరతు మీద ఒప్పుకుంది. ప్రతి సీజన్‌కీ మార్కులు వేసి ర్యాంక్ చేయాలట. కేటగిరీలు కూడా తనే పెట్టింది. కథ, షిప్, విలన్, జుట్టు. జుట్టెందుకే అంటే, అమ్మా, కవర్ చూడు అంది. చూశాను. కెప్టెన్ హేల్ జుట్టుకి వేరే కేటగిరీ ఇవ్వాల్సిందే.

ఫిబ్రవరి 2, ఆదివారం

సీజన్ వన్ అయింది. కథకి నేను ఏడు వేశాను, అనిక నాలుగు వేసింది. జుట్టుకి ఇద్దరం పది.

ఇంగ్లీషులో చూస్తుంటే ఏదో తేడాగా ఉంది. ఖమ్మంలో నా చిన్నప్పుడు ఇది ఆదివారం పొద్దున తెలుగులో వచ్చేది, ‘చుక్కల పడవ’ అని. తెలుగులో హేల్ పౌరాణిక నాటకంలో రాజులా గర్జించేవాడు. అసలు మనిషి ముక్కుతో మాట్లాడతాడని నాకు ఈరోజే తెలిసింది.

సీజన్ టూ దాకా ఆగు, ఓర్లా వస్తుంది అని అనికకి చెప్పాను. షిప్‌లో ఇంజనీరు ఓర్లా. ఆమె గురించి ఇన్నేళ్ళలో ఎన్నిసార్లు చెప్పానో! విని విని అనికకి విసుగొచ్చి ఉంటుంది. ఇక ఈ వారమంతా నాకు అదే ధ్యాస.

ఫిబ్రవరి 4, మంగళవారం

మేనేజర్ స్కాట్ పిలిచాడు. మా శాటిలైట్ టెస్టింగ్ టీమ్‌కి లీడ్ పోస్ట్ ఖాళీ అవుతోందట. నువ్వు చేస్తావా అన్నాడు.

నేనెందుకు, నీల్ ఉన్నాడుగా, బాగా చేస్తాడు అన్నాను. ఇంట్లో పాప ఉంది, టైమ్ కుదురుతుందో లేదో అని కూడా అన్నాను. ఆ పాప నాకన్నా పొడుగు.

టోటల్లీ అండర్‌స్టాండ్ అన్నాడు స్కాట్. వెంటనే ల్యాప్‌టాప్ తెరిచి వేరే విషయంలోకి వెళ్ళిపోయాడు.

మళ్ళీ అడుగుతాడు.

ఫిబ్రవరి 5, బుధవారం

అడగలేదు.

ఫిబ్రవరి 8, శనివారం

రాయడానికి చెయ్యి రావడం లేదు. అయినా రాస్తాను.

సీజన్ టూ, ఐదో ఎపిసోడ్. ఎయిర్‌లాక్ సీన్. నాకు గుర్తున్నది ఇదీ. పవర్ పోతుంది, షిప్ చీకటైపోతుంది. హేల్ ప్యానెల్ ముందు నిలబడి, ఏం చేయాలో తెలియక ఏవేవో స్విచ్‌లు నొక్కుతుంటాడు. ఓర్లా స్పేస్ సూట్‌లో, హెల్మెట్ పెట్టుకుని లోపలికి వస్తుంది. వచ్చి అంటుంది: “నాకు తెలుసు. నేనే చేస్తాను. మీరు పక్కకు జరగండి.”

నాకప్పుడు పన్నెండేళ్ళు. ఒక ఆడమనిషి కెప్టెన్‌ని పక్కకు జరగమనడం అంతకుముందు నేను ఎక్కడా వినలేదు. అదీ మర్యాదగా, ‘అండి’ పెట్టి. ఇంటర్‌లో ఎంపీసీ తీసుకుంది దానికే. ఇంజనీరింగ్‌కి హైదరాబాద్ పంపించమని నాన్నతో పోట్లాడిందీ దానికే. ఆ మాట లేకపోతే నేను ఈ అమెరికాలో, ఈ ఉద్యోగంలో ఉండేదాన్ని కాదు. ఇది ఎవరికీ ఇంత విడమర్చి చెప్పలేదు, అనికకి తప్ప.

ఇంగ్లీషులో ఓర్లా ఏమీ అనదు.

ఒక్క మాట లేదు. హెల్మెట్‌లోంచి ఊపిరి శబ్దం వస్తుంది, అంతే. హేల్ తనంతట తనే పక్కకు జరుగుతాడు. ఆమె వైర్లు కలుపుతుంది. దీపాలు వెలుగుతాయి. అతను ఆమె భుజం తట్టి “గుడ్ గర్ల్” అంటాడు. సీన్ అయిపోతుంది.

అనిక పాజ్ చేసి నా వైపు చూసింది. అమ్మా, ఇది నువ్వు ఇమాజిన్ చేసుకున్నావా అని అడిగింది. వెటకారంగా కాదు, మెల్లిగా అడిగింది. వెటకారం చేసినా బాగుండేది.

రెండు మూడుసార్లు వెనక్కి తిప్పి చూశాను. ఊపిరే.

ఫిబ్రవరి 9, ఆదివారం

పొద్దున్నే తమ్ముడికి ఫోన్ చేశాను. చుక్కల పడవలో ఓర్లా హెల్మెట్ పెట్టుకొని ఏమన్నదిరా అని, అంతే అడిగాను, క్లూ ఇవ్వలేదు. వాడు ఆలోచించనేలేదు. పక్కకు జరగండి అన్నది గదక్కా, నువ్వు రిమోట్ గుంజుకునేటప్పుడల్లా అదేగా అనేదానివి అన్నాడు.

పరుగెత్తి వెళ్ళి అనికకి చెప్పాను. ఒకే ఇంట్లో పెరిగిన ఇద్దరికి ఒకే తప్పు గుర్తుండొచ్చు అంది. నువ్వే వాడికి నేర్పించి ఉంటావు అని కూడా అంది. లాయర్ అవుతుందేమో. కానీ పాయింట్ కరెక్టే. నాకూ ఇప్పుడు అనుమానంగా ఉంది.

అయితే ఆ మాట ఎవరన్నట్టు?

ఫిబ్రవరి 11, మంగళవారం

లీడ్ పోస్ట్‌కి అప్లై చేయడానికి 21 ఆఖరు అని మెయిల్ వచ్చింది. టీమ్ మొత్తానికి. నాకు విడిగా ఏమీ రాలేదు.

లంచ్‌లో నీల్ వచ్చి నా పక్కన కూర్చున్నాడు. ఇక్కడే పుట్టి పెరిగిన తెలుగు పిల్లాడు, మంచివాడు, నా కింద రెండేళ్ళు పని నేర్చుకున్నాడు. ప్రణీతా, నీకు ఇంట్రెస్ట్ లేదని స్కాట్ చెప్పాడు, నిజమేనా, నీకు కావాలంటే నేను అప్లై చేయను అన్నాడు. ఇంత స్పష్టంగా ఎవరైనా అడుగుతారా?

లేదు లేదు, నువ్వే అప్లై చెయ్యి, ఐ యామ్ హ్యాపీ ఫర్ యూ అన్నాను. నవ్వుతూ కూడా అన్నాను. నా నోటిని ఏం చేయాలి?

ఫిబ్రవరి 12, బుధవారం

దేదీప్య ఉన్న వాట్సాప్ గ్రూపులన్నిట్లో నా ప్రశ్న పెట్టించాను. ‘చుక్కల పడవ తెలుగు డబ్బింగ్ గురించి ఎవరికైనా తెలుసా?’ ఒకరు వాళ్ళమ్మాయి అరంగేట్రం ఇన్విటేషన్ పంపారు. ఇంకొకరు పడవ అద్దెకు కావాలా అని అడిగారు.

ఫిబ్రవరి 13, గురువారం

దొరికింది! మనిషే దొరికింది!

వసుమతి గారు. ఒకప్పుడు హైదరాబాద్‌లో డబ్బింగ్ ఆర్టిస్టు. ఇప్పుడు సమామిష్‌లో కూతురి దగ్గర ఉంటున్నారు. ఇక్కడికి అరగంట దూరం. ఆఫీసు పార్కింగ్‌లో ఉండగా ఆవిడ వాయిస్ మెసేజ్ వచ్చింది. “ఓర్లాకి చెప్పింది నేనేనమ్మా. శనివారం రండి, పెసరట్లు వేస్తాను.”

అదే గొంతు. కాస్త బొంగురుపోయింది, అంతే. కారులో కూర్చుని మళ్ళీ మళ్ళీ విన్నాను. ఏడుపొచ్చేసింది.

ఫిబ్రవరి 15, శనివారం, సాయంత్రం

వెళ్ళొచ్చాం. అన్నీ వరసగా రాయాలి.

వసుమతి గారు పొట్టిగా, చురుగ్గా ఉన్నారు. మమ్మల్ని వంటింట్లోనే కూర్చోబెట్టి పెనం ముందు నిలబడే మాట్లాడారు. అనికకి మొదట డబ్బింగ్ పాఠం చెప్పారు. తెరమీద పెదాలు కనిపిస్తుంటే మన మాట వాటికి అతకాలి, పెదవి మూస్తే మనమూ మూయాలి, నానా తిప్పలు పడాలి. మొహం అటు తిప్పినా, ముసుగు వేసినా మనకి పండగే, ఏదైనా అనొచ్చు అన్నారు. అనిక ఫోన్ పక్కన పెట్టేసి వింది.

అప్పుడు అడిగాను. హెల్మెట్‌లో ఓర్లా ఏమందండీ?

ఆవిడ అట్లకాడ ఎత్తి పట్టుకుని చెప్పారు. “నాకు తెలుసు. నేనే చేస్తాను. మీరు పక్కకు జరగండి.” తడుముకోలేదు. అనిక నోరు తెరిచింది. నేను దాని వైపు చూడలేదు, గొప్పగా పెసరట్టు వైపు చూశాను.

ఆ మాట ఎవరు రాశారు అన్నాను. ఎవరూ రాయలేదు అన్నారు. స్క్రిప్టులో అక్కడ ‘ఊపిరి’ అని ఒక్క ముక్కే ఉందట. ఆవిడ పొట్టి కదా, పొద్దుట్నుంచీ మైకు ఎత్తులో ఉందట. సౌండ్ ఇంజనీరు దించనా అమ్మా అంటే, మొహమాటానికి వద్దులెండి, పర్లేదు అన్నారట. సరేనని అతను వదిలేశాడట. మధ్యాహ్నం దాకా మునివేళ్ళ మీద నిలబడి చెప్పారట. మెడ పట్టేసింది. చివరికి ఊపిరి సీన్ వచ్చేసరికి స్టాండు దించమన్నారు. అతను వచ్చి ఏ మర తిప్పాలో తెలీక తంటాలు పడుతున్నాడు. ఈవిడకి ఓపిక పోయింది. నాకు తెలుసు, నేనే చేస్తాను, మీరు పక్కకు జరగండి అన్నారు. రికార్డింగ్ నడుస్తూనే ఉంది. డైరెక్టర్ విని పగలబడి నవ్వి, మొహం ఎలాగూ కనపడదు, ఉంచేయండి అన్నాడట.

నేను జీవితాన్ని నిలబెట్టుకున్నది ఒక మైకు స్టాండు మీద!

అనిక నవ్వీ నవ్వీ కుర్చీలోంచి జారింది. నాకూ నవ్వొచ్చింది. తర్వాత ఎక్కడో కలుక్కుమంది. ఓర్లా అనలేదు, రచయిత రాయలేదు, కెప్టెన్‌తో సంబంధమే లేదు. వసుమతి గారు నా మొహం చూసి, ఏమ్మా, చప్పబడిపోయావు అన్నారు. ఏం లేదండీ అన్నాను. ఆ రోజు నుంచీ ఏ స్టూడియోకి వెళ్ళినా మైకు నేనే సర్దుకున్నానమ్మా అన్నారు, పెనం మీద నూనె వేస్తూ.

ఇంకొకటి వెయ్యనా అన్నారు. వద్దండీ, చాలు అన్నాను. నాకు కావాలి. అల్లం, పచ్చిమిర్చి, లోపల ఉప్మా, నాకు ఇంకా రెండు కావాలి. ఆవిడ నా ‘వద్దు’ని చెవిన వేసుకోనే లేదు, ప్లేటులో వేసేశారు. అనికని అడిగితే, ఎస్ ప్లీజ్, టూ మోర్ అంది.

తింటూ ఉండగా నాకు అర్థమైంది. మన ఇళ్ళల్లో మొదటి ‘వద్దు’కి విలువ లేదు. రెండోసారి అడుగుతారు, మూడోసారి వేసేస్తారు. స్కాట్‌కి అది తెలీదు. నేను పది రోజులుగా ఆఫీసులో ఖాళీ ప్లేటు పట్టుకుని కూర్చున్నాను.

ఫిబ్రవరి 16, ఆదివారం

సీజన్ త్రీ. అనిక సౌండ్ మ్యూట్ చేసి, మనమే డబ్బింగ్ చెబుదాం అంది. హేల్ గొంతు తనదట. దాని అమెరికన్ తెలుగులో హేల్, నేను కెప్టెన్, నాకు భయం లేదు, కొంచెం ఆకలి ఉంది అన్నాడు. నవ్వలేక చచ్చాను.

ఓర్లా హెల్మెట్ పెట్టుకుని వచ్చింది. అమ్మా, నీ టర్న్ అంది అనిక.

ఏదో సరదాగా అందామనుకున్నాను. నోట్లోంచి ఇలా వచ్చింది: “ఆ లీడ్ పని నాకు కావాలి. రెండేళ్ళ కిందటా కావాలనే ఉండింది. అప్పుడూ వద్దన్నాను. నీల్ కంటే నేను బాగా చేస్తాను. వాడికి నేర్పిందే నేను.”

అది ఓర్లా అందా అని అడిగింది అనిక.

ఓర్లానే అన్నాను.

ఓర్లా అప్లై చేసిందా అంది. లేదు అన్నాను. స్టుపిడ్ ఓర్లా అంది. వంటింట్లోంచి మా ఆయన అఖిల్, ఎవర్ని తిడుతున్నారు అని అరిచాడు. ఎవర్నీ కాదు అని ఇద్దరం ఒకేసారి అరిచాం.

ఫిబ్రవరి 18, మంగళవారం

స్కాట్ ఊళ్ళో లేడు, గురువారం వస్తాడు. మెయిల్ రాద్దామని కూర్చున్నాను. ‘మీకు ఇబ్బంది లేకపోతే’ అని మొదలుపెట్టి, ‘నీల్‌కి అభ్యంతరం లేకపోతే’ అని ముగించాను. డిలీట్ చేశాను. మొహం చూసే చెప్పాలి.

ఫిబ్రవరి 20, గురువారం

చెప్పాను. నాకు కావాలి, ఆరోజు వద్దన్నది నిజం కాదు అన్నాను. స్కాట్ తికమకపడ్డాడు. అప్పుడే ఎందుకు చెప్పలేదు అని అడిగాడు. పెసరట్టు గురించి చెబితే అర్థం కాదని, మా ఇళ్ళల్లో మొదటిసారి ఎవరూ అవుననరు అన్నాను. ఇదేదో కొత్త విషయం అన్నట్టు నిజంగా రాసుకున్నాడు. అప్లై చెయ్, కానీ నీల్ పేరు పైకి వెళ్ళిపోయింది, గ్యారంటీ ఏమీ లేదు అన్నాడు.

తర్వాత నీల్ దగ్గరికి వెళ్ళాను. అది ఇంకా కష్టమైంది. ఆరోజు లంచ్‌లో నేను అడిగాను కదా అక్కా అన్నాడు. ఎప్పుడూ ప్రణీతా అనే పిలుస్తాడు. ఈరోజే అక్కా అన్నాడు. నిజమే, తప్పు నాదే, అయినా అప్లై చేస్తున్నాను అన్నాను. ఓకే అన్నాడు. నవ్వలేదు.

కానీ చేసేశాను.

ఫిబ్రవరి 23, ఆదివారం

ఆరు సీజన్లూ అయ్యాయి. మా ఫైనల్ ర్యాంకింగ్‌లో సీజన్ ఫోర్ ఫస్టు, దాని విలన్ వల్ల. సీజన్ వన్ రెండోది, పూర్తిగా జుట్టు వల్ల. సీజన్ టూ లాస్టు. అనిక నన్ను చూసి, ఆర్ యూ ష్యూర్ అంది. కథ నీరసం, షిప్ అట్టముక్క, ఓర్లాకి మొత్తం సీజన్‌లో పదిహేను మాటలు కూడా లేవు. లాస్టే అన్నాను.

ఫిబ్రవరి 28, శుక్రవారం

నీల్‌కి ఇచ్చారు.

స్కాట్ తలుపు వేసి చెప్పాడు. తర్వాత, ఇంకో చోట ఒక లీడ్ అవసరం ఉంది, కొంచెం కష్టమైన పని, ఎవరూ ముందుకు రావడం లేదు, తొందరేం లేదు, వీకెండ్ ఆలోచించుకుని అంటూ ఉండగానే, నాకు కావాలి అన్నాను.

అది ఏ ప్రాజెక్టో తర్వాత అడిగి తెలుసుకున్నాను.