పైలు కొంచెం దిగింది, నేను రాను

నాయుడుపేట దగ్గర నుంచి,

నాయనకు నీ చిన్న కూతురు రేవతి నమస్కారాలు. ఇక్కడ నేను బాగున్నాను. అక్కడ నువ్వు, అమ్మ, నాయనమ్మ, ఈనబోయే ఆవు, అందరూ బాగున్నారని తలుస్తాను. అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? ఫోనుండగా ఉత్తరం ఎందుకంటావేమో. ఫోనులో నువ్వు "రాయి తగిలిందా, లేదా?" అని ఒకే మాట అడిగి, జవాబు వినకుండా పెట్టేస్తావు. కాగితమైతే చివరిదాకా చదవక తప్పదు.

రాయి తగల్లేదు నాయనా. చంద్రగిరి పక్కన గడ్డపార వేస్తే నిప్పురవ్వలు లేచే నేలలో జీవితమంతా పునాదులు కట్టినవాడివి, నీకు నమ్మకం కుదరదని తెలుసు. ఇక్కడ ఎంత లోతుకు పోయినా బంకమట్టే. మేం కట్టే గోడౌను బరువంతా నేలలోకి దింపిన కాంక్రీటు స్తంభాలు మోయాలి. వాటినే పైళ్ళు అంటాం. అడుగున రాయి లేకపోయినా చుట్టూ ఉన్న మట్టి వాటిని పట్టుకుంటుంది. నాట్లప్పుడు కయ్యలో నీ కాలు దిగబడితే అమ్మా నేనూ కలిసి లాగాం, గుర్తుందా? నీ చెప్పు ఇప్పటికీ అందులోనే ఉంది.

ఇంజినీరుగా చేరిన మొదటి నెలంతా నాకు ఏడుపుతోనే సరిపోయింది. ఉప్పుగాలి, ఉక్క, మెస్సులో రోజూ చేపల పులుసు, నోరు విప్పి మాట్లాడదామంటే మనిషి లేడు. అప్పుడే కదా నువ్వు పందెం కట్టావు: "బరువు పెట్టి సూడు. పైలు కదిలినాదంటే మూటాముల్లే సర్దుకోని ఇంటికి వచ్చేయల్ల." నేనూ సరే అన్నాను.

మొన్న ఆ పరీక్ష జరిగింది. పైలు నెత్తిన జాకీ పెట్టి, దానిపైన కాంక్రీటు దిమ్మెలు పేర్చి, కొంచెం కొంచెంగా బరువు పెంచుతూ పోవాలి. పైలు వెంట్రుకవాసి దిగినా, దాన్ని తాకి ఉన్న సన్నటి ఇనుప పుల్లలు జారి, గడియారాల్లాంటి నాలుగు గేజీలలో ముళ్ళు తిరుగుతాయి. వాటిని చూసి రాసే పని నాది. మొదటి బరువు పెట్టాం. ముల్లు కదల్లేదు. రెండోది పెట్టాం. అప్పుడూ కదల్లేదు. కూలీలు ఈలలు వేశారు. మేస్త్రీ మునిరత్నం అన్న "సూస్తివామ్మా, కొండ మాదిరి నిలబడుండాది!" అని మీసం తిప్పాడు. పందెం గెలిచానని నాకూ గంతులేయాలనిపించింది.

కానీ మెత్తటి నేలలో అంత బరువు పెడితే ఏ పైలూ బొత్తిగా కదలకుండా ఉండదు. వంగి చూశాను. నాలుగు గేజీల పుల్లలకూ పసుపు ముద్ద, మీద కుంకం బొట్టు! పొద్దున టెంకాయ కొట్టి జాకీకి బొట్టు పెట్టిన మునిరత్నం అన్న, వీటికి తక్కువ చేయడం ఎందుకని దండిగా పూశాడు. జారాల్సిన పుల్లలు పసుపు ఎండి బిగుసుకుపోయాయి.

"తుడిచి మళ్ళీ మొదలుపెట్టల్ల అన్నా" అన్నాను.

"బొట్టు తుడస్తావా? ఆడబిడ్డవు, అదేం మాటమ్మా!" అని చేతులు అడ్డం పెట్టినాడు.

పెద్ద ఇంజినీరు సారు ఎటూ తేల్చక మబ్బుల వైపు చూశారు. చివరకు నేనే పసుపంతా గీకి, పారేయకుండా జాకీకే పూశాను. అప్పుడు అన్న శాంతించాడు. బరువు దించి, మళ్ళీ మొదటి నుంచి పెట్టాం. ఈసారి పైలు దిగింది. బరువు పెంచినప్పుడల్లా కాస్త దిగి, ఆగింది. పూర్తి బరువు మీద కూడా ఒప్పుకున్న హద్దు దాటలేదు. పరీక్ష పాసయింది.

నీ పందెం ప్రకారం నేను ఓడిపోయాను. అయినా రాను. నువ్వు కూర్చుంటే నులకమంచం కొంచెం దిగదా నాయనా? మంచం విరిగిందని ఎవరైనా అంటారా?

ఆదివారాలు మునిరత్నం అన్న భార్య సంగటి చేసి పిలుస్తోంది. ఎవరైనా వస్తుంటే మన రాగిపిండి, చింతకాయ తొక్కు పంపు. పసుపు మాత్రం వద్దని అమ్మకు చెప్పు, ఇక్కడ కావలసినంత ఉంది.

నాయనమ్మకు నా దండాలు. మేనమామ వాళ్ళను అడిగానని చెప్పు. నువ్వూ అమ్మా దీవించి నన్ను ఇక్కడే ఉండనివ్వండి. మొదటి నెల నేనూ దిగిపోయిన మాట నిజమే నాయనా. ఇప్పుడు ఆగాను.

ఇట్లు,
పందెం ఓడిన నీ కూతురు
రేవతి