తాళం వేసిన ఏరేటర్ పెట్టె

జూన్ 3
ఇందుమూలముగా యావత్ ఏలూరు పట్టణానికి తెలియజేయడమేమనగా — నా రిపేరు షాపులో ఫ్యాను గాలి నేటి నుంచి నాకు మాత్రమే. వచ్చేవారు విసనకర్ర వెంట తెచ్చుకోవలెను. అతిక్రమించినవారికి చల్లారిన టీ.

సత్యవతక్క ఫోను, కొల్లేటి గట్టు నుంచి. చేపల చెరువులో ఏరేటర్లు — నీళ్ళకి గాలి పట్టించే చక్రాలు — నడిపే పెట్టె పడుకుందట. తెల్లారగట్ల చేపలన్నీ పైకొచ్చి గాలికి నోళ్ళు తెరుస్తున్నాయట. "నాకున్నది ఈ ఒక్క చెరువే తమ్ముడూ."

జూన్ 4
వెళ్ళా. విప్పా. బోర్డు బంగారం. మోటార్లు బంగారం. చెడింది లోపలి ప్రోగ్రాం — ఫర్మ్‌వేర్. మొన్న కంపెనీవాళ్ళు ఆఫీసులో కూర్చునే కొత్తది ఎక్కించారు, అప్పట్నుంచీ ఇంతే. పాతది ఎక్కిద్దామంటే తాళం వేసి పెట్టారు.
చేత్తో వేసే స్విచ్చి ఒకటి బిగించి వచ్చా. అక్క గట్టు మీద మంచం వేసుకుని కాపలా. ఎన్నాళ్ళని...

జూన్ 6
తాడేపల్లిగూడెం. డీలరు షాపులో కంపెనీ ఇంజినీరు గారు. ఇస్త్రీ చొక్కా.
"పెట్టె మార్చుకోవాలండి."
"పెట్టెకేం రోగమండీ? రోగం మీ ప్రోగ్రాముకి."
"అది బయటికివ్వమండి. కంపెనీ రహస్యం."
రహస్యమట! ఆక్సిజన్ తగ్గితే చక్రం తిప్పు, పెరిగితే ఆపు. "ఆ రహస్యం చేపలక్కూడా తెలుసండీ" అన్నా. డీలరు నవ్వాపుకుంటూ మొహం పక్కకి తిప్పుకున్నాడు.
కంపెనీలన్నీ కలిసి ఒకే ప్రోగ్రాం పెట్టుకోండి, అందరూ చదివేలా బయట పెట్టండి, తప్పుంటే మేమూ దిద్దుతాం, పోటీ ఏమన్నా ఉంటే మోటార్లలో పడండి — అన్నా.
"ఎవరుపడితే వాళ్ళు మార్చి చేపలు చస్తే ఎవరండీ బాధ్యులు?"
తగిలింది.
"ఇప్పుడు చస్తే ఎవరండీ?"
ఈసారి ఆయనకి తగిలింది.
అప్పుడు వదిలా — కొల్లేటి రైతులు నలభైమంది సంతకాలు పెట్టారండీ, ఇక తాళం లేని పెట్టే కొంటారట. మావైపు పక్క చెరువులో ఏది తిరిగితే అదే కొంటారని ఆయనకీ తెలుసు. టీ గ్లాసు కింద పెట్టాడు.

జూన్ 7
అక్క ఫోను. "కునుకు పట్టింది తమ్ముడూ... లేచేసరికి కొన్ని చచ్చి తేలాయి."
ఇవాళ్టి పేజీలో వెటకారం లేదు.

జూన్ 9
ఇంజినీరు ఫోను. అండీలు బాగా పెరిగాయి.
"గురువారం మేనేజరు గారొస్తున్నారండి. పాత ప్రోగ్రాం తాళం తీసే సంగతి చూస్తారటండి. ఆ సంతకాల కాగితం తెస్తారా అండి?"
"ఓ, తప్పకుండానండీ."
కాగితం లేదు. నలభైమందీ లేరు. అక్కనైనా అడగలేదు. అంతా అక్కడికక్కడ పుట్టించిందే...