కూలని వంతెన

ప్రియమైన పొట్టీ,

కేసు తేలేదాకా ఫోన్లో ఏమీ మాట్లాడొద్దని మీ లాయరు అన్నాడన్నావుగా, అందుకే ఈ ఉత్తరం. అందరి తప్పులూ దిద్దుతానని స్కూల్లో నాకు 'కామా' అని పేరు పెట్టావు. ఇప్పుడు ఆ పనికే విజ్ఞానసర్వస్వం ఆఫీసులో జీతమిస్తున్నారు మరి, నవ్వుకో.

ఈ ఉదయం మీటింగులో నా ముందు ఒక వ్యాసం పెట్టారు. పైన నీ పేరు! ఎవరో పాఠకుడు రాసి పంపాడు. నువ్వు వంతెనల శాఖలో ఇంజినీరువనీ, నది మీది పెద్ద వంతెన స్తంభాలకు పగుళ్లున్నాయని నువ్విచ్చిన రిపోర్టును పైవాళ్లు మార్చేశారనీ, నువ్వు పత్రికలకు చెప్పాకే వంతెన మూసి బాగుచేశారనీ, దాంతో నీ ఉద్యోగం ఊడిందనీ అంతా ఉంది. ప్రస్తుతానికి వెబ్‌సైట్లోనే ఉంచారు. ఉంచాలా, తీసేయాలా అన్నదే చర్చ.

మా ప్రధాన సంపాదకుడు కళ్లజోడు తుడుచుకుంటూ, "ఇంతకీ వంతెన కూలిందా?" అన్నాడు.

"లేదండీ."

"ఎవరైనా పోయారా?"

"ఈవిడ చెప్పింది కాబట్టే పోలేదు."

"మరి ఏం జరిగిందని జీవితచరిత్ర వేస్తాం?"

నాకు ఒళ్లు మండిపోయింది. ఈవిడ నా చిన్ననాటి స్నేహితురాలు, నాకు ఓటు వద్దు, కానీ నోరు మాత్రం మూసుకోను అని అక్కడే చెప్పేశాను. అప్పట్నుంచీ కుర్చీలో కుదురుగా కూర్చోలేకపోతున్నా. కూలి ఉంటే నీకు పేజీ ఇచ్చేవాళ్లు, కూలనివ్వలేదు కనక ఇవ్వరట! నేను వదలను. పేపర్లలో వచ్చినవన్నీ కత్తిరించి దాచే ఉంటావు, పంపు.

నీ
కామా

*

ఒసేయ్ కామా,

పంపను. కోపం తెచ్చుకోకు, ముందు చదువు.

ఆ వ్యాసం మా షాపు ఓనరు చూశాడు. నేనిప్పుడు టైల్స్ అమ్ముతున్నానని షాపు పేరుతో సహా రాశారటగా. "మేడమ్, మన టైల్స్‌లో పగుళ్లుంటే ముందు నాకు చెప్పండి, పేపరువాళ్లకి కాదు" అన్నాడు. జోకే. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఇంటికొచ్చి కూరలో ఉప్పు రెండుసార్లు వేశాను.

ఎక్కడ ఉద్యోగానికెళ్లినా ముందు నా పేరు వెతుకుతారు. తర్వాత "కబురు చేస్తాం" అంటారు. అద్దె ఇల్లు అడిగినా ఇదే వరస. మా ఆయన్ని ఆఫీసులో పలకరించేవాళ్లు తగ్గిపోయారు. తలుపు చప్పుడైతే నాకన్నా ముందు ఆయనే లేస్తాడు. మొన్న అమ్మాయి, "అమ్మా, నిన్ను అందరూ మర్చిపోతే మనం మామూలుగా ఉండొచ్చు కదా" అంది.

మీ పెద్దాయన మీద విరుచుకుపడకు. నాకోసం ఏదైనా చేయాలనుంటే ఆ వ్యాసం తీయించు. నన్ను మర్చిపోనివ్వు.

పొట్టి

*

పొట్టీ,

నీ మాటే నెగ్గింది. ఆవిడకి ఇష్టం లేదు, తీసేయండి అని నేనే చెప్పాను. పెద్దాయన తెల్లబోయాడు. "నిన్నటిదాకా నా మీద కత్తులు నూరింది మీరేగా?"

"మీరన్నది ఇప్పటికీ తప్పే. కానీ బతుకు ఆవిడది" అన్నాను.

సాయంత్రానికి తీసేశారు. వంతెన గురించి వేరే ఒక చిన్న వ్యాసం ఉంది. అందులో 'ఒక ఇంజినీరు హెచ్చరించడంతో మరమ్మతులు జరిగాయి' అని ఒక్క వాక్యం మిగిలింది. ఆ వంతెనకు రిబ్బను కత్తిరించిన మంత్రిగారికి మాత్రం ఫొటోతో సహా పేజీన్నర!

మనసు ఊరుకోవడం లేదే. "తింటున్నావా, పళ్లెంతో తగువాడుతున్నావా?" అని మా ఆయన అడిగాడు. నీకు కాస్త ఊపిరాడితే అదే చాలు. ఎలా ఉన్నావో మాత్రం రాయి.

కామా

*

ప్రియమైన కామా,

ఇన్నాళ్లూ రాయనందుకు ఎంత తిట్టుకున్నా పడతాను.

నువ్వు వ్యాసం తీయించాక కొద్ది రోజులకే ఒకాయన షాపుకొచ్చాడు. టైల్స్ చూస్తున్నట్టు అటూ ఇటూ తిరిగాడు. ఏ గదికండీ అంటే చెప్పలేకపోయాడు. చివరికి గొంతు తగ్గించి, "ఆ వంతెన ఇంజినీరు మీరేనా?" అన్నాడు. నాకు అక్కణ్నుంచి పారిపోవాలనిపించింది.

స్కూలు బస్సుల బ్రేకులు పరీక్షించే ప్రభుత్వ ఇన్‌స్పెక్టరట. బస్సుల్ని చూడకుండానే బాగున్నాయని సంతకం పెట్టమంటున్నారట పైవాళ్లు. మీ వెబ్‌సైట్లో వ్యాసం ఉండగానే చదివి, షాపు వెతుక్కుంటూ వచ్చాడు.

"చెప్పమనేవాళ్లున్నారు, వద్దనేవాళ్లున్నారు. చెప్పేశాక ఎలా ఉంటుందో తెలిసినవాళ్లే దొరకలేదండీ" అన్నాడు.

ఏదీ దాచకుండా చెప్పాను. కోర్టు, మారిన ఇళ్లు, మా అమ్మాయి అన్న మాట, అన్నీ. భయపడి ఊరుకుంటాడనే చెప్పాననుకో. అంతా విని, "మళ్లీ అలాంటిదే వస్తే చెప్తారా?" అన్నాడు. తెలీదన్నాను. వెళ్లిపోయాడు. ఇక ఆగిపోతాడనుకున్నా. కానీ అప్పట్నుంచీ రోడ్డు మీద స్కూలు బస్సు కనపడితే ఆగి దాని చక్రాలే చూస్తున్నా. అమ్మాయిని నడిపించే తీసుకెళ్తున్నా.

ఈ రోజు పేపరు చూశావా? మొదటి పేజీలో ఉన్నాడే! ఫొటోతో, సొంత పేరుతో. బస్సులన్నీ ఆపారు, ఆయన్ని సస్పెండ్ చేశారు. బస్సేదైనా బోల్తా కొట్టిందా అని మీ పెద్దాయన అడుగుతాడేమో. కొట్టలేదు.

అమ్మాయికి చదివి వినిపించాను. ఆ ఫొటో మీద వేలు పెట్టి, "అమ్మా, ఈయనకి ఎవరైనా తోడున్నారా?" అంది.

కాబట్టి నా వ్యాసం మళ్లీ రాయి కామా. నువ్వడిగిన కాగితాలన్నీ ఈ కవర్లోనే పెట్టాను. పెద్దాయన కాదంటే ఈసారి పోట్లాడు, నేను అడ్డురాను. ధైర్యవంతురాలు, వీరనారి లాంటి మాటలు మాత్రం వద్దు. ఆ తర్వాత ఏమైందో రాయి. ఉద్యోగం పోయిందనీ, నిద్ర సరిగా పట్టదనీ, మొగుడూ కూతురూ పక్కనే ఉన్నారనీ, టైల్స్ అమ్ముకుని బతుకుతోందనీ రాయి. అసలు పేరే వెయ్యి. పొట్టి అని వేశావో, చంపుతా.

రేపోమాపో ఆయన ఇంట్లోవాళ్లు, ఇలాంటి మనిషి ఇంకొకరెవరైనా ఉన్నారా అని వెతుకుతారు. వెతికితే నేను దొరకాలి.

నీ
పొట్టి