నొప్పి లేదన్నడు

ఫిబ్రవరి 6, 2023. మేళ్లచెరువు
మా ఆయన సిమెంటు ఫ్యాక్టరీల ప్యాకింగ్ డ్యూటీ దిగి వచ్చిండు. కండ్లల్ల ఇసుక పోసినట్టు ఉందన్నడు. ఎర్రగైనయి. ఊకె నీళ్లు కారుతున్నయి. దుమ్మే అన్న. మా ఊర్ల ఎవరి కండ్లు ఎర్రగ లేవు?
మెడికల్ షాపుల డ్రాప్స్ తెచ్చి పోసిన.

ఫిబ్రవరి 19
ముప్పై ఏండ్లు దాటినోళ్లందరికి బీపీ, షుగర్ చూసుడు మా ఆశా కార్యకర్తలకే అప్పజెప్పిండ్రు. ఇయ్యాలటికి నా వంతు ఇండ్లన్ని అయినయి. మా ఇంట్ల ఆయనొక్కడే మిగిలిండు. మిషన్ పట్టుకొని పక్కకు కూసుంటే, నాకేం రోగం, పనికి పోతలేనా అన్నడు. సూదితోని గుచ్చనీకి వేలు ఇయ్యలే.
రిపోర్టు రేపే ఇయ్యాలె. రిజిస్టర్ల మా ఆయన లింగస్వామి పేరు ఎదురుంగ నార్మల్ అని రాసిన.

మార్చి 11
మంట తగ్గిందట. నాలుగు దినాలాయె, కండ్ల ముచ్చటే తియ్యలే. డ్రాప్స్ పనిజేసినయి. పాణం నిమ్మలమైంది.

ఏప్రిల్ 2
ముందుగాల మా బిడ్డ మనస్వినే చూసింది. బాపూ, ఎడమ కంటి నల్లగుడ్డు మీద తెల్లగ ఏంది అని అడిగింది. సెల్లు లైటు పెట్టి చూసిన. బియ్యపు గింజంత మచ్చ. నొస్తుందా అంటే లేదన్నడు. అద్దంల ఆయన గూడ చూసుకున్నడు. ఏం లేదు, జర మసకగ కనవడ్తాంది అంతే అన్నడు.
గంత మచ్చ ఉండి నొప్పి లేకపోవుడేంది? నాకు భయమైంది.

ఏప్రిల్ 3, పొద్దుగాల 11
పట్నం. కంటి దవాఖాన. డాక్టరమ్మ చూసుడుతోనే షుగర్ ఎంతుంది అని అడిగింది. తెల్వదన్నం. అక్కడనే చూసిండ్రు. 386.
ఆమె చెప్పింది రాసుకుంటున్న. షుగర్ ఎక్కువుంటే కండ్లల్ల తడి ఆరిపోతదట. ఆరిన కన్ను మండుతది. ఆ మంటకే ఊకె నీళ్లు కారుతయట. ఏండ్లు గడిస్తే కంటి నరాలు గూడ మొద్దుబారుతయి. ఇగ పుండైనా తెల్వదు. మంట తగ్గలేదమ్మా, తెలుసుడు తగ్గింది అన్నది.
ఆయన నా దిక్కు చూసిండు. నేను ఆశా అని ఆమెకు చెప్పలే.

ఏప్రిల్ 14
ఎడమ కన్ను పోయింది.

ఏప్రిల్ 29
ప్యాకింగ్ కాడికి రావద్దన్నరట. ఇంటి కాడనే ఉంటున్నడు. కుడి కన్నుకు రెండు గంటలకోపారి డ్రాప్స్. షుగర్ గోలీలు.
పొద్దుగాల అన్నం తింటుంటే చెప్పిన. చూడకుంటనే నీ పేరు కాడ నార్మల్ అని రాసిన అన్న. వేలు ఇయ్యంది నేనే గద అన్నడు. తిట్టినా బాగుండు.
అటెన్క సబ్ సెంటర్ కు పోయి నర్సింగమ్మ సిస్టర్ కు గూడ చెప్పిన. ఆమె రిజిస్టర్ ముంగట పెట్టింది. నార్మల్ కొట్టేసి 386 రాసిన. కన్ను పోయింది అని రాయనీకి అండ్ల జాగా లేదు.

మే 8
ఒక్క కన్నుతోని ఎట్లుంటదో చూద్దామని పొద్దుగాల సంది నా ఎడమ కన్నుకు గుడ్డ కట్టుకొనే పనిజేసిన. చాయ్ గ్లాసుల పోస్తే బయట పడ్డది.
ఆయన చూసిండు. కింద తుడిసిండు. గ్లాసు అంచు మీద ముందుగాల వేలు పెట్టు, అటెన్క చాయ్ పొయ్యి అన్నడు.