ఆరు గంటల స్టేషనుకు ఒక విన్నపం

రేడియో ఆఫీసులో ఉత్తరాలు చూసే పెద్దలకు నమస్కారాలు.

మీరు నన్నెరగరు. ప్రతి శనివారం మా ఆయన మీకు రాసే కవరును పోస్టు డబ్బాలో వేసేది నేనే. అలా మీ అడ్రసు తెలిసింది.

మా ఆయన బాయిలర్ల షెడ్డులో మేస్త్రీ. మా పెళ్ళయి ఎనిమిది నెలలు. ఇంట్లో ఉన్నది ఒక గది, ఒక వంటగది. గదిలో పాత రేడియోలు నాలుగు. ఒకటి వాల్వులది, మా మామగారిలాగే వేడెక్కితే గాని మాట్లాడదు. ఒకటి సైన్యంవాళ్ళు అమ్మేసిన ఆకుపచ్చ పెట్టె. ఇద్దరు పట్టుకుంటే గాని కదలదు. మూడోదాని పొట్టలోవన్నీ మంచం కింద ఉన్నాయి. నాలుగోది స్కానర్, దానంతటదే అంకెలు తిప్పుకుంటూ పోయి, టాక్సీవాళ్ళు తిట్టుకునే చోట ఆగుతుంది.

నా బాధ మాత్రం మీ స్టేషనుతో. మీరు సాయంత్రం ఆరింటికి మొదలుపెడతారు. ఆయన హెడ్‌ఫోన్లు తగిలించుకున్నారంటే ఏడింటిదాకా ఈ లోకంలో ఉండరు. ఆ హెడ్‌ఫోన్లలోంచే మీ గోల వంటగదిలో ఉన్న నాకు వినిపిస్తుంది. ముందు ఈల, తర్వాత నూనెలో ఏదో వేగుతున్న చప్పుడు. ఒకావిడ ఉన్ని ధరలు చదువుతుంది. వార్తలాయన రెండుసార్లు దగ్గుతాడు. ఆపైన పాట, అది సగంలో బావిలో పడి మళ్ళీ పైకి తేలుతుంది. ఆ గంటలో నేనేమడిగినా ఆయన "ఊఁ" అంటారు. "భోజనం మీకు పెట్టనా, రేడియోకి పెట్టనా" అన్నా "ఊఁ" అన్నారు.

ఏడింటికి తింటారు, ఎనిమిదింటికి గురక, తెల్లవారుతూనే షెడ్డు. మాకు మిగిలేది ఆ ఒక్క గంటే. అది నాకు కావాలి. దయచేసి మీ కార్యక్రమాన్ని పగలు పదకొండింటికి మార్చండి. అప్పుడు ఆయన పనిలో ఉంటారు.

ఇట్లు,
మేస్త్రీ గారి భార్య

తా.క.: ఆ దగ్గే ఆయన్ని వేడినీళ్ళలో తేనె కలుపుకుని తాగమనండి. మంగళవారం మరీ ఎక్కువైంది, పాపం.

*

మా అభిమాన శ్రోత మేస్త్రీ గారి భార్యకు,

మీ నివేదిక అందింది. మా ప్రసారం ఎలా వినిపించిందో వివరంగా రాసిన శ్రోతలకు, నిజంగా విన్నట్టు ధ్రువీకరిస్తూ ఒక కార్డు పంపడం మా ఆనవాయితీ. మీరు రాసినవన్నీ స్టూడియో పుస్తకంతో సరిచూశాం. ఉన్ని ధరలు నిజం. ఆరుంబావుకు రెండు దగ్గులు నిజం. పాట బావిలో పడిందంటే మా ఇంజనీరు ఒప్పుకోలేదు. తీరా వెళ్ళి చూస్తే తీగ వదులై ఉంది. కార్డు జతపరిచాం.

ఒక గంట చాలక పగలు పదకొండింటికి కూడా మమ్మల్ని వినాలని మీరు కోరినందుకు డైరెక్టరు గారి కళ్ళు చెమర్చాయి. పరిశీలిస్తున్నాం.

మీ సేవలో,
ఉత్తరాల విభాగం గుమాస్తా

తా.క.: తేనె పనిచేసింది. పదకొండేళ్ళుగా దగ్గుతున్నా ఎవరూ పట్టించుకోలేదని వార్తలాయన అన్నారు, ఇంట్లోవాళ్ళు కూడానట.

*

గుమాస్తా గారికి నమస్కారం.

అయ్యా, నేను మార్చమన్నాను, పెంచమనలేదు.

మీ కార్డు వచ్చిన రోజు ఆయనకు సెలవు. పోస్టుమాన్ నేరుగా ఆయన చేతికే ఇచ్చాడు. ఆయన దాన్ని తిరగేసి మరగేసి చూసి, "ఏ రేడియోలో విన్నావు?" అన్నారు.

"వంటగదిలోంచి" అన్నాను.

"ఏరియల్?"

"చెవి."

నమ్మలేక కాబోలు, ప్రతిదీ రెండుసార్లు చెప్పించుకున్నారు. గోడ నిండా ఎక్కడెక్కడి స్టేషన్ల కార్డులూ ఉన్నాయి. నాలుగేళ్ళుగా, ఇన్నూరు ఉత్తరాలకు, మీరొక్కరే పంపలేదట. ఇప్పుడు పట్టుదల పెరిగింది. కిటికీలోంచి పక్కింటి డాబాదాకా కొత్త తీగ లాగారు. పక్కింటావిడ దాని మీద దుప్పటి ఆరేస్తే స్టేషను పోయిందని పరుగెత్తుతున్నారు. నా పని పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టయింది. నా కార్డు మీరే తీసుకుని, ఆయనకొకటి ఇవ్వండి.

ఇట్లు,
మేస్త్రీ గారి భార్య

తా.క.: పాట బావిలో పడటం మానింది. కాని వార్తల మధ్యలో ఎవరో కుర్చీ లాగుతున్నారు. ఎత్తి జరపమనండి.

*

మేస్త్రీ గారి భార్యకు,

మీ రెండో నివేదికా సరిపోయింది. ఆ కుర్చీ డైరెక్టరు గారిది. రెండో కార్డు జతపరిచాం. మిమ్మల్ని ఈ ఏటి ఉత్తమ శ్రోతగా ఎంపిక చేశాం. శుక్రవారం ప్రసారంలో మీ గురించి చదువుతాం.

మీ వారి విషయం. ఆయన ఉత్తరాలన్నీ మా అనుమానాల కట్టలో ఉన్నాయి. ఇన్నూరింటిలోనూ ఒకటే మాట: "శబ్దం బలంగా ఉంది, గొంతు మధురంగా ఉంది." ఉన్ని ధరలావిడ గొంతు మేము రోజూ వింటున్నాం. మధురం కాదు. ఆయన వినకుండానే రాస్తున్నారని మా అనుమానం. ఎవరు ఏమన్నారో ఒక్క మాట విని రాసినా కార్డు ఆయనదే.

మీ సేవలో,
గుమాస్తా

తా.క.: పదకొండు గంటల కార్యక్రమం ఒకటో తేదీ నుంచి మొదలు. ఈ ఉత్తరం ఉన్ని ధరలావిడకు చూపించలేదు. మీరూ చెప్పకండి.

*

గుమాస్తా గారికి,

శుక్రవారం మీరు నా గురించి చదువుతుంటే సిగ్గుతో తలుపు చాటుకు వెళ్ళాను. తొంగి చూస్తే ఆయనలో చలనం లేదు. నాకు ఒళ్ళు మండింది. మీ ఉత్తరం తెచ్చి ఆయన ముందు పెట్టాను. చదివి, హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టారు.

"నిజమే. నాకు మాటలు వినపడవు" అన్నారు.

పన్నెండేళ్ళు బాయిలర్ రేకుల మీద సుత్తి దెబ్బలు విని చెవులు మొద్దుబారాయట. షెడ్డులో అందరికీ తెలుసు. పెళ్ళికి ముందు నాతో చెప్పడానికి నోరు రాలేదట.

"మరి ఇన్ని రేడియోలెందుకండీ?" అని అడిగాను. మూడోసారికి అందింది.

"వాటికి గొంతు పెంచే మీట ఉంది. నీకు లేదు కదా" అన్నారు. "ఎనిమిది నెలలుగా నువ్వు గొంతులోనే ఏదో అంటున్నావు. ఏమన్నావో తెలియక ఊఁ కొడుతున్నాను. ఊఁ అంటే ఎవరికీ కోపం రాదని."

"నాకొచ్చింది" అన్నాను. నేనంత గట్టిగా మాట్లాడగలనని నాకే తెలియదు. ఆయన నవ్వారు.

ఇప్పుడు ఆరింటికి హెడ్‌ఫోన్లలో ఒక చెవి ఆయనది, ఒకటి నాది. నా చెవిలో దూది పెట్టుకుంటాను. ఏ ఈల ఎక్కడిదో ఆయన ముల్లు తిప్పుతూనే చెప్పేస్తారు. పొద్దు వాలేకొద్దీ దూరపు స్టేషన్లు దగ్గరకొస్తాయని ఆయన చెప్పేదాకా నాకు తెలియదు. మాటలు నేను చెబుతాను, ఆయన రాస్తారు. ఒక్కోసారి మిమ్మల్ని పక్కనబెట్టి మా మాటల్లో పడిపోతాం. మీరేమీ అనుకోకండి.

ఆయన కొత్త ఉత్తరం జతచేశాను. అందులో మధురం అన్న మాట లేదు. పదకొండు గంటల కార్యక్రమం నిక్షేపంగా నడుపుకోండి. ఆ వేళ ఆయన పనిలో ఉంటారు, నేను బట్టలుతుక్కుంటాను. ఎవరమూ వినం.

ఇట్లు,
మేస్త్రీ గారి భార్య

తా.క.: ఆయనకు అందేలా మాట్లాడటం నేర్చుకుంటున్నాను. నిన్న "రేపు ఏం కూర వండను?" అని అడిగాను. ఆయన ఇంకా ఆలోచిస్తుండగానే ఎదురింటి తాతగారు "బంగాళాదుంపలు" అన్నారు. "మొన్ననే కదా వండింది" అంది పక్కింటావిడ.