చల్లారిన ఉప్మా

డిసెంబరు 1988, గురువారం

పొద్దున్న పూజ కాగానే ఉప్మా చేసి, అమ్మకి పొగలు కక్కుతుండగానే పెట్టాను. విజయనగరం నుంచి వచ్చిన చెల్లి స్నానం చేసి వచ్చేసరికి అది చల్లారిపోయింది. నేను వేడి చేయలేదు. పదేళ్ళుగా ఈ క్వార్టర్‌లో అమ్మని చూసుకున్నది నేను. చెల్లి వచ్చిన దగ్గర్నుంచి అమ్మ నోట దాని పేరే.

మధ్యాహ్నం దాని కూతురు ఇంగ్లీషు పాఠం చదువుతూ అడిగింది.

“పెద్దమ్మా, కోల్డ్ షోల్డర్ అంటే ఏటో తెలుసా? ముఖం చాటెయ్యడం. ఇష్టం లేని చుట్టానికి చల్లారిన భుజం మాంసం పెట్టేవారట. ఆ మాట అలా పుట్టిందని మా టీచర్ చెప్పింది.”

చెల్లి నవ్వింది. “మనం మాంసం తినం కదే. మీ పెద్దమ్మ ఉప్మా పెడుతుంది.”

దానికి తెలిసిపోయింది. నేను తలెత్తలేదు.

సాయంత్రం అందరం కూర్చున్నాం. ఇకమీదట అమ్మ విజయనగరంలో, చెల్లి దగ్గరే ఉండాలని నిర్ణయమైంది.

“ఇక్కడ చలెక్కువే” అంది అమ్మ.